తుడిచేసిన పూత

ఆ రోజు ఇంట్లో తాతయ్య ఉన్నాడు, అమ్మమ్మ ఉంది, పిన్ని ఉంది, నేనున్నాను. ఎవరూ పిలవకపోయినా సరిగ్గా కంచాలు పెట్టే వేళకి వచ్చే కమాను మామయ్య కూడా ఉన్నాడు. వయొలిన్ కమానులకి అరిగిపోయిన గుర్రపు వెంట్రుకలు తీసేసి కొత్తవి కట్టడం ఆయన పని. వరసకి ఎవరికీ మామయ్య కాదు, అయినా వీధి మొత్తానికి మామయ్యే. వార్నిష్ గదిలో తీగకి వేలాడుతున్న వయొలిన్‌ని కూడా కలుపుకుంటే ఆరుగురం. తాతయ్య దాన్ని ఎప్పుడూ కలుపుకుంటాడు.

ఆ వయొలిన్ కళ్ళ డాక్టరమ్మ కోసం తాతయ్య చేస్తున్నది. ఎక్కడిదాకా వచ్చిందో చూసుకుందామని పోయిన వారం ఆవిడ వచ్చినప్పుడు, తాతయ్య దాన్ని ముక్కుకి తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూపించాడు. ఆవిడ వయొలిన్ సంగతి వదిలేసి తాతయ్య కళ్ళలోకి చూసింది. రెండు కళ్ళలోనూ శుక్లాలున్నాయి, బాగా ముదిరాయి, తీసేస్తే కుర్రాడిలా చూస్తారు, మా ఆస్పత్రిలో నేనే చేస్తాను అంది. అమ్మమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుని వదల్లేదు. ఒక్క పిన్ని మాత్రం "వద్దు" అంది. ఎందుకు వద్దో చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో గిన్నెలన్నీ గట్టిగా చప్పుడు చేయడం మొదలుపెట్టాయి. సెలవులకి మా ఊరి నుంచి ఇక్కడికి వచ్చినప్పటి నుంచి నన్ను నవ్వించిన పిన్ని, ఆ వారం నాతో కూడా నవ్వలేదు.

ఇప్పుడు ఆ రోజు సంగతి చెప్తాను. మర్నాడే ఆపరేషన్. సాయంత్రం డాక్టరమ్మ తన కార్లో వచ్చి తాతయ్యని తీసుకెళ్తానంది.

భోజనాల దగ్గర కమాను మామయ్య ఒక్కడే హుషారుగా ఉన్నాడు.

"బావా, కట్టు విప్పగానే ఎదురుగా నేనుంటే కష్టం. నా మొహం చూసి మళ్ళీ గట్టిగా మూసేసుకుంటావు."

"నీ మొహం ఎవడికి కావాలిరా. ఆకలేసినప్పుడు నీ చెప్పుల చప్పుడు వినబడుతుంది, అది చాలు."

"మరి నన్నో?" అంది అమ్మమ్మ, వడ్డిస్తూనే.

"నిన్ను చూడ్డానికి కళ్ళెందుకు? మూసుకున్నా కనబడుతూనే ఉంటావు."

అమ్మమ్మ గరిటెతో కొట్టబోయినట్టు చేసింది. అందరం నవ్వాం. పిన్ని కంచంలోకి చూస్తూ వేళ్ళతో అన్నం కెలుకుతోంది.

"ముందు నేను చూసేది దాన్నే," అన్నాడు తాతయ్య. దాన్ని అంటే ఏదో ఎవరూ అడగనక్కర్లేదు. "పొద్దున్నే పై పూత వేసేశాను. నేను వచ్చేసరికి ఆరి ఉంటుంది. ఇంటికి రాగానే కిటికీ దగ్గర పెట్టి చూపించండి. ఈ మధ్య నా చెయ్యి ఎంత కుదిరిందో నా కళ్ళతో నేను చూసుకోవాలి కదా."

పిన్ని లేచి వెళ్ళి చెయ్యి కడుక్కుంది. కంచంలో అన్నం అలాగే ఉంది.

ఆ ఇంట్లో పనంతా ఇద్దరిదీ. చెక్క కోయడం, పలకలు పల్చగా చెక్కడం, పక్కల్ని వేడి ఇనుము మీద వంచడం తాతయ్యా పిన్నీ కలిసి చేస్తారు. మెడ చివర నత్తగుల్లలా తిరిగే తలని చెక్కడంలో అయితే పిన్నిదే పైచెయ్యి, ఆ మాట తాతయ్యే ఒప్పుకుంటాడు. కానీ పూత మాత్రం తాతయ్యది. పిన్ని చెయ్యి పెట్టకూడదు. చెక్క పనిలో తప్పు జరిగితే సర్దుకోవచ్చు, పూతలో తప్పు జరిగితే నా పరువు బజార్న పడుతుంది అనేవాడు. చెట్ల జిగురు రాళ్ళని అవిసె నూనెలో కాయడం, ఎర్ర వేరు ఉడికించి రంగు దించడం, ఆ రంగు నూనెలో కలపడం, అన్నీ ఆయనే. పిన్నికి మిగిలేది సబ్బునీళ్ళతో కుంచెలు కడగడం.

వార్నిష్ గది ఇంటి వెనక వైపు ఉంటుంది. ఒకటే పెద్ద కిటికీ. ఫ్యాను లేదు, పెట్టనివ్వడు, దుమ్ము లేస్తుందని. పూత వేసే ముందు నేల మీద నీళ్ళు చల్లి తుడవాలి. తల విరబోసుకుని ఎవరూ లోపలికి పోకూడదు. మొదటి రోజు నేను తెలియక వెళ్ళినప్పుడు తాతయ్య "ఒక్క వెంట్రుక అతుక్కుందంటే వయొలిన్‌కి జడ వేయాల్సి వస్తుంది" అన్నాడు. అప్పటి నుంచి ఆ గది గుమ్మం దగ్గరికి రాగానే నా చెయ్యి దానంతట అదే జడ మీదకి పోతుంది.

భోజనం అయ్యాక తాతయ్య ముందు గదిలో మంచం మీద నడుం వాల్చి నన్ను పిలిచాడు. నన్ను పిచ్చుకా అంటాడు. పిచ్చుకలు ఒకటే గోల చేస్తాయి, నేను నోరు విప్పను, నాకా పేరేమిటని ఒకసారి అమ్మమ్మ అడిగితే, "పిలవగా పిలవగా ఎప్పటికైనా కిచకిచమంటుందేమోనని" అన్నాడు.

"పిచ్చుకా, ఒకసారి వెళ్ళి పూత మీద ఈగేమైనా వాలిందేమో చూసిరా. వాలితే నువ్వు తియ్యకు. వచ్చి నాకు చెప్పు."

నేను జడ ముడి వేసుకుని వెళ్ళాను. తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే తెరుచుకుంది.

లోపల పిన్ని ఉంది. వయొలిన్ మెడని ఎడమ చేత్తో పట్టుకుని, కుడి చేతిలోని గుడ్డతో దాని వీపు తుడుస్తోంది. గుడ్డ ఎర్రగా ఉంది. గది నిండా ఘాటుగా టర్పెంటైన్ వాసన. తాతయ్య పొద్దున్నంతా ఊపిరి బిగబట్టి వేసిన పూత, సగం ఆ గుడ్డలోకి వచ్చేసింది.

నా నోట్లోంచి అంత పెద్ద గొంతు వస్తుందని నాకే తెలియదు.

"పిన్నీ! ఏం చేస్తున్నావ్!"

"తలుపు వెయ్యి," అంది పిన్ని. చెయ్యి ఆపలేదు.

"తాతయ్య వేసిన పూత అది!"

"తెలుసు. తలుపు వెయ్యి ముందు. అరవడం నేర్చుకోవడానికి ఈ రోజే దొరికిందా నీకు?"

వేశాను. వారం రోజులుగా దాచుకున్న కోపాన్ని వయొలిన్ మీద చూపిస్తోందనుకున్నాను. పరుగెత్తి తాతయ్యకి చెప్పాలా, గుడ్డ లాక్కోవాలా తెలియలేదు. రెండూ చెయ్యలేదు.

"ఇలా రా. మెడ పట్టుకో. పడేస్తే చంపేస్తాను."

పట్టుకున్నాను. పిన్ని గుడ్డ మడత మార్చింది. తడి మడత నా చేతికి రాసుకుంది.

"చూడు. అరవడానికి ముందు చూడాల్సింది. ఇదిగో, ఇక్కడ నేను తుడిచాను. అక్కడ ఇంకా తుడవలేదు. ఏం తేడా ఉంది?"

వీపు చెక్కలో అడ్డంగా పులిచారలుంటాయి. వెలుతురులో అటూ ఇటూ తిప్పితే కదులుతున్నట్టు ఉంటాయి. తాతయ్య ఆ చారల కోసమే చెక్క దుకాణంలో ఒక పూటంతా కూర్చుంటాడు. పిన్ని తుడిచిన చోట అవి తేనె అడుగున ఉన్నట్టు మెరుస్తున్నాయి. తుడవని చోట ఏమీ లేవు. చిక్కటి ఎరుపు, అంతే. తలుపుకి వేసిన పెయింటులా ఉంది.

"చారలు పోయాయి," అన్నాను.

"పోలేదు. మునిగిపోయాయి. ఆయన కంటికి రంగు ఆనడం లేదు. ఇంకా పల్చగా ఉంది, ఇంకా పల్చగా ఉంది అనుకుంటూ ఇంకాస్త ఎరుపు కలుపుతాడు. మనకి రక్తంలా ఉన్నది ఆయనకి గోధుమ రంగులా ఉంటుంది." పిన్ని మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది. మెల్లగా, పసిపిల్లాడి ఒళ్ళు తుడిచినట్టు. "కింద పూతలు ఎండి గట్టిపడ్డాయి, వాటికేం కాదు. పైది తడి మీద ఉండగానే తీసెయ్యాలి. సాయంత్రం దాకా ఆగితే పట్టేస్తుంది. అందుకే ఆయన పడుకున్నప్పుడు."

"అంటే... ఇంతకు ముందు కూడా తుడిచావా?"

పిన్ని కిటికీ గూట్లోంచి ఒక చిన్న సీసా తీసింది. అందులో తాతయ్య వార్నిష్ లాంటిదే ఉంది, కానీ వెలుతురుకి అడ్డం పెడితే అవతలి కిటికీ చువ్వలు కనబడుతున్నాయి.

"ఇదెవరు కాచారు?"

"నేనే. ఆయన సంతకి వెళ్ళినప్పుడు."

"తాతయ్య నీకు నేర్పలేదు కదా?"

"నేర్పలేదు. కుంచెలు కడిగించాడు. చిన్నప్పటి నుంచీ ఆయన కుంచెలు కడుగుతున్నాను. మొదటి నీళ్ళలో ఏ రంగు దిగింది, రెండోసారి ఏం దిగింది, ఏ రోజు వేరు ఎక్కువ పడింది, ఏ రోజు నూనె మాడింది, అన్నీ ఆ డబ్బాలోనే చూశాను. గురువుగారు నాకు కడుగునీళ్ళు ఇచ్చారు. నేను వాటితోనే చదువుకున్నాను."

నవ్వుతూ అందామనుకుంది. నవ్వు రాలేదు.

అప్పుడు నాకు చెప్పింది. కచేరీలు చేసే పొడుగాయన ఒకాయన వయొలిన్ చేయించుకున్నాడట. ఆయన తీసుకెళ్ళాల్సిన రోజుకి ముందు తాతయ్య వేసిన పూత చూసి పిన్నికి గుండె ఆగినంత పనైంది. ఆయన చూస్తే నవ్విపోతాడు, తాతయ్య తట్టుకోలేడు. ఆ ఒక్కసారికే అనుకుని తుడిచి తను వేసింది. పొడుగాయన వచ్చి, వయొలిన్‌ని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూసి, "ఇన్నాళ్ళలో మీ చేతి నుంచి ఇంత మంచి పూత చూడలేదు" అన్నాడట.

"ఆ రోజు నాన్న ఇల్లంతా ఈల వేసుకుంటూ తిరిగాడు. ముసలితనంలో చెయ్యి కుదిరిందే అని మీ అమ్మమ్మని ఆటపట్టించాడు. అప్పుడెలా చెప్పను? తర్వాత ఇంకొకటి వచ్చింది. ఆ తర్వాత ఇంకొకటి. ముందు గది గోడకి వేలాడుతున్నాయే రెండు, అవీ అంతే."

"మంచిదేగా పిన్నీ? ఆయన పరువు కాపాడావు."

"మంచిదే. ఇన్నాళ్ళూ మంచిదే." పిన్ని గుడ్డ పక్కన పెట్టి చేతులు చూసుకుంది. "రేపు కళ్ళు వస్తాయి. కట్టు విప్పాక ఆ గోడకేసి చూస్తాడు. తన కుంచె తనకి తెలియదా? ఇది నా చెయ్యి కాదే అంటాడు. అందరూ మెచ్చుకున్నవి నావి, ఎవరూ చూడకుండా తుడిచేసినవి ఆయనవి. ఆయనకి చూపు ఇచ్చి, ముందు చూపించేది అదా?"

గిన్నెలు ఎందుకు చప్పుడు చేశాయో అప్పుడర్థమైంది నాకు. ఆయన కళ్ళు బాగుపడకూడదని పిన్ని అనుకోలేదు. ఆయన కళ్ళు బాగుపడాలని పిన్నికీ ఉంది. కానీ బాగుపడిన మరుక్షణం...

"ఇప్పుడే చెప్పేస్తే?" అన్నాను.

"చెప్పు. వెళ్ళి నువ్వే చెప్పు. ఇంకాస్త అన్నం పెట్టమని అడగడానికి కంచంలో గీతలు గీస్తూ కూర్చునే దానివి, నువ్వు చెప్తావు."

తలొంచుకున్నాను. పిన్ని వెంటనే నా బుగ్గ మీద మోచేత్తో మెల్లగా పొడిచింది, చేతులకి రంగుందని.

"నిన్ననలేదే. నాకే ధైర్యం లేక అన్నాను. ఇంకొకటి కూడా ఉంది. అది చెప్తే నువ్వు నన్ను అసహ్యించుకుంటావు."

"చెప్పు."

"ఆ పొడుగాయన మెచ్చుకున్నప్పుడు నాన్న ఈల వేశాడు కదా. నేను ఇక్కడికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. నాన్న కోసం కాదు. అవి నావి అని ఒక్కడైనా, ఒక్కసారైనా అంటే బాగుండు అని."

నాకు అసహ్యం కలగలేదు. వయొలిన్ మెడ ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాను.

"పిచ్చుకా!" ముందు గదిలోంచి తాతయ్య గొంతు. "ఈగని చూడ్డానికి వెళ్ళావా, ఈగతో సంసారం చేయడానికి వెళ్ళావా?"

కమాను మామయ్య పగలబడి నవ్వడం వినిపించింది. పిన్ని వయొలిన్‌ని నా చేతిలోంచి తీసుకుని కళ్ళతోనే పొమ్మంది.

వెళ్ళాను. తాతయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. అమ్మమ్మ ఆస్పత్రికి తీసుకెళ్ళే సంచీలో తువ్వాళ్ళు సర్దుతోంది. కమాను మామయ్య గోడకి ఆనుకుని వెంట్రుకల కట్ట విప్పుతున్నాడు.

"వాలిందా?"

"లేదు తాతయ్యా."

"హమ్మయ్య. ఇలా రా." నా చెయ్యి పట్టుకుని లేవబోయాడు. లేవలేదు. నా అరచేతిని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. ఆయన మొహం మెల్లగా మారింది. "టర్పెంటైన్."

నేను చెయ్యి వెనక్కి లాక్కోబోయాను.

"ఈ ఇంట్లో టర్పెంటైన్ తీసేది పూత తుడవడానికే. చెయ్యి పెట్టావా దాని మీద?"

అమ్మమ్మ సంచీ వదిలేసింది. కమాను మామయ్య చేతిలో వెంట్రుకలు అలాగే ఆగిపోయాయి. తాతయ్య తిడతాడనుకున్నాను. నా చెయ్యి ఇంకా వదలకుండా, నా వేళ్ళు మూసి తన గుప్పిట్లో పెట్టుకున్నాడు.

"వేలిముద్ర పడింది, భయమేసింది, తుడుద్దామనుకున్నావు. అంతేనా? దానికి ఏడుపు మొహం ఎందుకే. నీ వయసులో నేను మా నాన్న వయొలిన్ మీద మోచెయ్యి ఆనించి నిద్రపోయాను. పూత మళ్ళీ వేసుకోవచ్చు. ఇంకా వెలుతురుంది, డాక్టరమ్మ వచ్చేలోపు వేసేస్తాను. పద."

"చిన్నపిల్ల, పోనివ్వండి," అంది అమ్మమ్మ.

ఊఁ అంటే చాలు, అక్కడితో అయిపోయేది. తాతయ్యకి కోపం లేదు. పిన్ని మాట పిన్ని దగ్గరే ఉండిపోయేది. తల ఊపబోయాను కూడా. అంతలో వెనక గుమ్మంలో పిన్ని నిలబడి ఉండటం చూశాను. మా మాటలు విన్నట్టుంది. మొహం తెల్లబడింది. నా తప్పేనని నేను ఒప్పుకుంటానని ఎదురుచూస్తోందా, ఒప్పుకోవద్దని అంటోందా, నాకు తెలియలేదు. బహుశా పిన్నికీ తెలియదు.

"అది కాదు నాన్నా," అంది పిన్ని. "నేను తుడిచాను."

"నువ్వా?" తాతయ్య ఆ గొంతు వైపు తల తిప్పాడు. "నువ్వెందుకు తుడిచావు?"

ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడే పిన్ని, ఏ దుకాణదారుడినైనా రెండు మాటల్లో నోరు మూయించే పిన్ని, గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

తాతయ్య నా భుజం మీద చెయ్యి వేసి లేచాడు. వార్నిష్ గదిలోకి నడిచాడు, నన్ను ఆసరాగా పట్టుకుని. పిన్ని పక్కకి తప్పుకుని దారి ఇచ్చి మా వెనకే వచ్చింది. తాతయ్య వయొలిన్‌ని తీగ మీదనుంచి దించి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ముక్కుకి ఆనించుకున్నాడు. వెనక్కి పెట్టాడు. తిప్పాడు. కళ్ళు చిట్లించాడు.

"పిచ్చుకా, నువ్వు అబద్ధం చెప్పవు. నోరే విప్పవు కాబట్టి ఆ అలవాటు కాలేదు నీకు. నా పూతకేమైంది?"

పిన్ని వైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు.

"చారలు కనబడటం లేదు తాతయ్యా."

"ఎక్కడ?"

ఆయన వేలు పట్టుకుని తుడవని చోటికి తీసుకెళ్ళాను, తగలకుండా, కొంచెం పైన ఆపాను. "ఇక్కడ లేవు." తుడిచిన చోటికి తీసుకొచ్చాను. "ఇక్కడున్నాయి."

"బాగున్నాయా?"

"కదులుతున్నాయి."

తాతయ్య వేలు ఆ రెండు చోట్ల మధ్య అటూ ఇటూ వెళ్ళింది. చాలాసేపు వెళ్ళింది. ముందు గదిలో కమాను మామయ్య ఏదో అడగడం, అమ్మమ్మ ఉష్ అనడం వినబడింది.

"నాకు రెండూ ఒకటే," అన్నాడు తాతయ్య.

కోపంగా అనలేదు. ఎవరో దారి అడిగితే చెప్పినట్టు అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయన వయొలిన్‌ని తడుముకుంటూ తీగకి తగిలించాడు. కొక్కెం అందక రెండుసార్లు తప్పింది. పిన్ని సాయం చేయబోయి ఆగిపోయింది. మూడోసారికి తగిలింది. తర్వాత ఆయన కిటికీకి వీపు పెట్టి నిలబడ్డాడు. వెలుతురు వెనక ఉంది కాబట్టి ఆయన మొహం నాకు సరిగ్గా కనబడలేదు.

"అమ్మాయ్," అన్నాడు పిన్నితో. పిన్నిని అలా పిలవడం నేనెప్పుడూ వినలేదు. "తుడిచింది ఇదొక్కటేనా?"

పిన్ని నావైపు చూసింది. అవునని చెప్పేస్తుందనుకున్నాను. చెప్పేస్తే బాగుండని కూడా అనుకున్నాను. పిన్ని నా దగ్గరికి వచ్చి, ఇందాక మోచేత్తో పొడిచిన బుగ్గనే ఈసారి రంగు చేత్తో నిమిరి, నా రెండు భుజాలూ పట్టుకుని మెల్లగా గుమ్మం దాటించింది.

"పిన్నీ, నేనూ ఉంటాను."

"నీ వంతు నువ్వు చెప్పావు," అంది. "ఇది నాది."

నా మొహం మీదే తలుపు వేసేసింది.